జర్మనీలో మాస్టర్స్: తెలుగు ఫ్లాట్‌లో చేరాలా, హాస్టల్ కిచెన్‌లో అన్ని దేశాలవాళ్లతో కలవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బీటెక్ మెకానికల్ అయింది. మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో ఇంగ్లీష్ మీడియం మాస్టర్స్‌కి సీటొచ్చింది, అక్టోబర్‌లో క్లాసులు. నలుగురు తెలుగు సీనియర్లు ఉన్న ఫ్లాట్‌లో ఐదో మనిషిగా రమ్మంటున్నారు, ఇంట్లోవాళ్లకీ అదే ధైర్యంగా ఉంది. మీకేమో బ్రోచర్‌లో చూసిన ఆ పలుదేశాల క్యాంపస్ జీవితం కావాలి. మందు తాగరు, మాంసం తినరు, జర్మన్ ఏ1 (భాషా స్థాయిల్లో మొదటి మెట్టు) వరకే వచ్చు. అందరితో కలవగలనా, ఒంటరినైపోతానా, రంగు చూసి ఎవరైనా ఏమైనా అంటారా అని మీ అనుమానం.

బ్రోచర్‌లోవి అబద్ధాలు కావు. అన్ని దేశాలవాళ్లూ నిజంగానే ఉంటారు. కాకపోతే ఎవరి గుంపులో వాళ్లుంటారు. 2022-23 శీతాకాల సెమిస్టర్ నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో మన దేశానిదే మొదటి స్థానం, చైనాను దాటేశాం. 2023-24లో మనవాళ్లు దాదాపు 49 వేల మంది. ఇంత మందీ అన్ని కోర్సుల్లో సమానంగా సర్దుకోలేదు, ఎక్కువ మంది ఇంజినీరింగ్, కంప్యూటర్స్ ఇంగ్లీష్ మీడియం కోర్సుల్లోనే. అందుకని మీ క్లాసులో ముందు రెండు వరుసలు చూస్తే హైదరాబాద్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. జర్మన్ విద్యార్థులు పక్క బిల్డింగ్‌లో జర్మన్ మీడియం కోర్సులో ఉంటారు. వాళ్లకి బ్యాచిలర్స్ నుంచీ స్నేహితులున్నారు, శుక్రవారం సాయంత్రం రైలెక్కి సొంతూరు వెళ్లిపోతారు. లెక్చర్‌కి చాలా చోట్ల అటెండెన్స్ ఉండదు కాబట్టి క్లాసులో పరిచయాలు పెరుగుతాయని ఆశ పెట్టుకోకండి.

పరిచయాలు పెరిగేది మూడు చోట్ల: వంటింట్లో, ల్యాబ్ గ్రూపులో, పార్ట్‌టైమ్ పని చేసే చోట. ఈ మూడింటిలో మీ పక్కన ఎవరుంటారన్నది అక్టోబర్ మొదటి మూడు వారాల్లో దాదాపు తేలిపోతుంది. ఆ తర్వాత మార్చుకోవచ్చు గానీ అప్పటికి అందరి గుంపులూ గట్టిపడి ఉంటాయి. కాబట్టి గది సంగతితో మొదలుపెడతాను.

సీనియర్ల ఫ్లాట్ గురించి తొందరపడి "వద్దు" అనను. దిగిన మొదటి వారం రైస్ కుక్కర్, వైఫై, సిమ్ కార్డ్ ఎక్కడ కొనాలో చెప్పే మనిషి, ఇవన్నీ విలువైనవే. వాళ్ల దగ్గర వారం, పది రోజులు దిగండి. అక్కడే స్థిరపడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇంటి ఓనర్ నా పేరు మీద వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ ఇస్తారా?" ఈయన మా ఇంట్లో ఉంటున్నారు అని ఓనర్ సంతకం చేసి ఇచ్చే కాగితం అది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఆ కాగితంతో ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. రెండు గదుల ఇంట్లో నలుగురున్న చోట ఐదో మనిషికి ఓనర్ ఆ కాగితం ఇవ్వడు, చాలాసార్లు నాలుగో మనిషి సంగతే ఆయనకు తెలిసి ఉండదు. ఆన్‌మెల్డుంగ్ లేకపోతే ట్యాక్స్ ఐడీ ఉత్తరం రాదు. రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్‌కి చూపించడానికి అడ్రస్ ఉండదు, కొన్ని బ్యాంకులు ఖాతా కూడా తెరవవు. అద్దెలో 100 యూరోలు మిగులుతాయని చేరి, వీసా గడువు దగ్గరపడ్డాక పరుగులు తీసేది ఇందుకే. స్నేహితుడి అడ్రస్ మీద నమోదు చేయించుకుని మరోచోట ఉండటం ఇంకా తప్పు, దానికి జరిమానా ఉంటుంది.

హాస్టళ్లను నడిపేది యూనివర్సిటీ కాదు, స్టూడెంటెన్‌వెర్క్ అనే వేరే సంస్థ. అడ్మిషన్ లెటర్‌తో పాటు గది దానంతటదే రాదు, విడిగా అప్లై చెయ్యాలి. వీసా వచ్చాక చూద్దాం అని ఆగితే వరుసలో వెనకబడతారు, కాబట్టి లెటర్ వచ్చిన రోజే పెట్టండి. మ్యూనిక్ లాంటి చోట వెయిటింగ్ లిస్ట్ సెమిస్టర్ల తరబడి సాగుతుంది. మాగ్డెబర్గ్, కెమ్నిట్స్ వంటి తూర్పు నగరాల్లో పరిస్థితి చాలా నయం, అద్దె కూడా తక్కువ. ఫారంలో గది రకం అడుగుతారు. ఒంటరి అపార్ట్‌మెంట్ ఒకటి. ఇద్దరు నుంచి ఐదుగురు కలిసి ఉండే వేగే ఒకటి, అంటే ఎవరి పడకగది వాళ్లది, కిచెన్, బాత్రూమ్ ఉమ్మడి. పొడుగాటి కారిడార్‌లో పది, పదిహేను గదులకు ఒకే పెద్ద కిచెన్ ఉండేది మూడోది. ఈ మూడో రకం ఉంటే కళ్లు మూసుకుని అది పెట్టండి, లేకపోతే వేగే. మనవాళ్లు ఎక్కువగా అపార్ట్‌మెంట్ టిక్ పెడతారు, "నా వంట నేను చేసుకుంటాను, ఎవరి గొడవా ఉండదు" అని. నవంబర్ నెల చీకట్లో ఆ గొడవ లేకపోవడమే పెద్ద సమస్య అవుతుంది.

బయట ప్రైవేటు వేగేలో గది వెతికితే వేగే-గెజుఖ్ట్ సైట్‌లో వెతకాలి. అక్కడ "హాయ్, ఈజ్ ద రూమ్ అవైలబుల్" అని పంపే మెసేజ్‌కి జవాబు రాదు. ప్రకటన చదివినట్టు తెలిసేలా ఎనిమిది, పది లైన్లు రాయండి: ఏం చదువుతున్నారు, ఎప్పటినుంచి ఎప్పటివరకు కావాలి, ఖాళీ సమయంలో ఏం చేస్తారు, వంట ఇష్టమా, సిగరెట్ అలవాటుందా. తప్పులున్నా సగం జర్మన్‌లో రాయండి. ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో పదిహేను నిమిషాలు మాట్లాడి ఎంచుకుంటారు, అది ఇంటర్వ్యూ కన్నా పెళ్లిచూపులకే దగ్గర. మనిషి నచ్చాలి, మార్కులు వాళ్లకి అక్కర్లేదు. అడ్వాన్స్ మూడు నెలల కోల్డ్ రెంట్‌కి (హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె) మించకూడదు, ఇది చట్టం. గది చూడకముందే డబ్బు పంపమనేవాడు, తాళాలు కొరియర్‌లో పంపుతాననేవాడు మోసగాడే, ఇందులో రెండో ఆలోచన వద్దు.

ఇక కిచెన్. పరాయి దేశంవాళ్లతో స్నేహమైనా, తగాదా అయినా మొదలయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మన వంటలో పక్కవాళ్లని ఇబ్బంది పెట్టేది కారం కాదు, పోపు. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి మాడిన పొగ ఒక్క నిమిషంలో కారిడార్ అంతా పాకుతుంది. కళ్లు మండగానే చేసే మొదటి పొరపాటు కిచెన్ తలుపు కారిడార్‌లోకి బార్లా తెరవడం. కారిడార్‌లో పొగ డిటెక్టర్ ఉంటుంది. అది మోగితే బిల్డింగ్ మొత్తం కిందికి దిగాలి, చాలా హాస్టళ్లలో అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది, ఆ ఖర్చు బిల్లు కారణమైన గదికి రావచ్చు. క్రమం ఇలా పెట్టుకోండి: కిచెన్ తలుపు మూసెయ్యాలి, కిటికీ పూర్తిగా తెరవాలి, పొయ్యి మీది చిమ్నీని పెద్ద స్పీడ్‌లో పెట్టాలి, ఆ తర్వాతే మూకుడు ఎక్కించాలి. నూనె మధ్యస్థంగా కాగగానే ఆవాలు వేసి మూత పెట్టండి, చిటపటలు ఆగాక మంట తీసేసి అప్పుడు ఎండుమిర్చి, కరివేపాకు వెయ్యండి. ఆ వేడికే అవి వేగుతాయి, పొగ సగానికి సగం తగ్గుతుంది. డిటెక్టర్‌కి ప్లాస్టిక్ కవర్ తొడిగే తెలివి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. అగ్ని ప్రమాదం మాట అటుంచితే, గది ఖాళీ చేయించడానికి అదొక్కటి చాలు.

ఇంటి నుంచి అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్లకండి. ఇండక్షన్ పొయ్యి అయితే అది పనిచెయ్యదు, గాజు పలక పొయ్యి అయితే అడుగు రాసుకుని పలక మీద గీతలు పడతాయి, ఆ పలక మార్చే ఖర్చు మీ అడ్వాన్స్‌లోంచి పోతుంది. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్, మూడు లీటర్లది చాలు. విజిల్ సంగతి ముందే కిచెన్ వాళ్లకి చెప్పండి, లేదంటే మొదటి విజిల్‌కి ఎవరో ఒకరు ఉలిక్కిపడి పొయ్యి ఆపేస్తారు. పసుపు మరక తెల్లటి కౌంటర్ మీద పదినిమిషాలుంటే ఇక పోదు, అప్పటికప్పుడు తుడవాలి, దానికి మీ స్పాంజ్ మీరు పెట్టుకోండి. వాడిన నూనె సింక్‌లో పొయ్యకూడదు, చల్లారాక సీసాలో పోసి మామూలు చెత్తలో వెయ్యాలి. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక అర. ఇంగువ, ఆవకాయ, గోంగూర గాజు సీసాలో పెట్టి, ఆ సీసాని ఇంకో గట్టి మూత డబ్బాలో పెట్టండి. పక్కవాడి వెన్నకి ఇంగువ వాసన పట్టిందంటే ఆరు నెలలైనా మర్చిపోడు.

చెత్త విషయంలో కూడా ఇక్కడి వాళ్లకి పట్టింపు ఎక్కువ. కాగితం, ప్యాకింగ్ ప్లాస్టిక్, తడి చెత్త, మిగతాది, ఇలా నాలుగు డబ్బాలుంటాయి. గాజు సీసాలు వీధిలోని పెద్ద డబ్బాల్లో రంగుల వారీగా, అదీ ఆదివారం, రాత్రిపూట కాకుండా. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు పారెయ్యకండి, ఒక్కొక్కదానికి 25 సెంట్ల దాకా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో తిరిగొస్తాయి. గోడ మీద శుభ్రం చేసే వంతుల పట్టిక ఉంటుంది. మీ వారం వచ్చి చెయ్యకపోతే ఎవరూ మొహం మీద గొడవపడరు, ఒక చీటీ అంటిస్తారు. ఆ చీటీ వాళ్లవైపు నుంచి ఆఖరి మర్యాద. చూసీ చూడనట్టు వదిలేస్తే ఆ తర్వాత మీతో మాటలు తగ్గిపోతాయి, మీకు కారణం కూడా తెలియదు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం. మిక్సీలో అల్లం పచ్చడి ఆదివారం పొద్దున వద్దు. ఇంటికి ఫోన్ చెయ్యడానికి అర్ధరాత్రి అవసరం లేదు: చలికాలంలో మనకు వాళ్లకు నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. అక్కడ రాత్రి తొమ్మిదైతే మీకు సాయంత్రం నాలుగున్నరో, ఐదున్నరో. స్పీకర్‌ ఆన్ చేసి ఉమ్మడి కిచెన్‌లో అరగంట మాట్లాడటం మాత్రం మానుకోండి. భాష తెలియనివాళ్లకి అది గొడవలాగే వినిపిస్తుంది.

అదే కిచెన్ మీ పెద్ద బలం కూడా. రెండో, మూడో వారంలో ఒక శనివారం సాయంత్రం మీరే వండి పిలవండి. మొదటిసారికి పులిహోర, పెసరట్టు, ఆలూ వేపుడు చాలు. కారం మీ లెక్కలో నాలుగో వంతు వేసి, పచ్చడి విడిగా పక్కన పెట్టండి. పిలిచేటప్పుడు "ఏమైనా తినకూడనివి ఉన్నాయా" అని తప్పక అడగండి. వేరుశనగ, జీడిపప్పు అలర్జీ ఉన్నవాళ్లకి పులిహోరలో రెండు పలుకులు చాలు ఆసుపత్రికి వెళ్లడానికి. వీగన్ అన్నవాళ్లకి నెయ్యి, పెరుగు కూడా పనికిరావు, నూనెతో చెయ్యాలి. వచ్చేవాళ్లు ఏదో ఒకటి తెస్తారు, ఇరానీ స్నేహితుడు అన్నం అడుగున కరకరలాడేలా చేసిన తహ్‌దీగ్ తెస్తే ఇక మాటలకు కరువుండదు. మనవాళ్లలో ఒకరిద్దరినే పిలవండి. నలుగురు తెలుగువాళ్లు కూడితే పదో నిమిషానికి భాష మారిపోతుంది, మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. పిలిచి మరీ పరాయివాళ్లని చెయ్యడం అంటే అదే.

మాంసం తినకపోవడం ఇక్కడ సమస్యే కాదు. యూనివర్సిటీ క్యాంటీన్‌ని మెన్సా అంటారు, రోజూ శాకాహారం, వీగన్ తిండి ఉంటుంది, ప్లేటు మామూలుగా 2 నుంచి 5 యూరోలు. రెండు జాగ్రత్తలు. ఇక్కడ "వెగెటారిష్" అంటే గుడ్డు ఉండొచ్చు, గుడ్డు కూడా తినకపోతే వీగన్ గుర్తు చూడండి. వేపిన బంగాళాదుంపలు, పప్పు సూప్ చూడటానికి అమాయకంగా ఉంటాయి గానీ పంది మాంసం చిన్న ముక్కలు వేస్తారు, పేరు కింద ఉన్న గుర్తులు చదవాలి. పన్నెండు దాటగానే ఎవరో ఒకరు "మెన్సా?" అని ఒక్క ముక్క మెసేజ్ పెడతారు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నా ఆ పిలుపు వదులుకోకండి, డబ్బాతోనే వెళ్లి కూర్చోవచ్చు. రోజూ ఆ అరగంట భోజనమే స్నేహాలకి పునాది.

మందు సంగతి: "నేను తాగను" అంటే సరే అంటారు, అంతటితో అయిపోతుంది. కారణాలు చెప్పడం, మతం ప్రస్తావించడం, తాగేవాళ్లకి నీతులు చెప్పడం అక్కర్లేదు. ఆపిల్ జ్యూస్‌లో సోడా కలిపిన అప్ఫెల్‌షోర్లె సీసా పట్టుకుని "ప్రోస్ట్" (చీర్స్) అంటున్నప్పుడు కళ్లలోకి చూస్తే చాలు. పార్టీకి ఎవరి డ్రింకు వాళ్లు తెచ్చుకుంటారు, హోటల్లో ఎవరి బిల్లు వాళ్లదే. మొత్తం బిల్లు నేనిస్తానని పట్టుబడితే అవతలివాళ్లు ఇబ్బంది పడతారు.

చదువు దగ్గరికొస్తే, కలిసే అవకాశం లెక్చర్‌లో లేదు, యూబుంగ్ అనే ప్రాబ్లం క్లాసుల్లో, ప్రాక్టికుమ్ ల్యాబుల్లో ఉంది. అక్కడ ఇద్దరు, ముగ్గురుగా గ్రూపులు కడతారు. ఆన్‌లైన్‌లో గ్రూపు ఎంచుకునే లిస్ట్ తెరుచుకున్న గంటలోనే మనవాళ్ల వాట్సాప్‌లో సర్దుబాట్లు అయిపోతాయి. మీరు ఆ సర్దుబాటులోకి వెళ్లకుండా, సగం నిండిన గ్రూపులో ఖాళీ చూసి పేరు పెట్టుకోండి. గ్రూపుల్లో గొడవలు సామర్థ్యం వల్ల తక్కువ, అలవాట్ల వల్ల ఎక్కువ. "గురువారానికి అవుతుందా?" అంటే మొహమాటానికి మనం "అవుతుంది" అంటాం, బుధవారం రాత్రి దాకా చెప్పం. జర్మన్ విద్యార్థికి కుదరదు అన్నా పర్వాలేదు, ఆఖరి నిమిషంలో చెప్పడం మాత్రం నమ్మకద్రోహం కింద లెక్క. వాళ్లు "ఈ భాగం తప్పు, మళ్లీ రాయాలి" అని మొహం మీదే అనేస్తారు. అది పని గురించిన మాట, మీ గురించి కాదు, పావుగంటకి మళ్లీ కలిసి కాఫీకి వెళ్తారు. చైనా విద్యార్థుల్లో చాలామంది మీటింగ్‌లో మాట్లాడకపోయినా, ముందు రోజు ప్రశ్నలు రాసి పంపితే చక్కగా రాసి ఇస్తారు. మొదటి మీటింగ్‌లోనే ఒక షీట్ తెరిచి ఎవరికి ఏ పని, ఏ తేదీకి అని రాసేస్తే ఈ తేడాలన్నీ సగం సర్దుకుంటాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన కాలేజీల్లో అసైన్‌మెంట్ ఇచ్చిపుచ్చుకోవడం స్నేహధర్మం. ఇక్కడ అది టౌషుంగ్, అంటే మోసం. కాపీ కొట్టినవాడికీ, ఇచ్చినవాడికీ 5.0 పడొచ్చు. ఇక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. పరీక్షకి కూడా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, క్లాసుకి వెళ్తున్నాను కదా అంటే సరిపోదు, గడువు దాటితే ఆ సెమిస్టర్ పోయినట్టే. చాలా కోర్సుల్లో ఒక పరీక్షకి మూడు ప్రయత్నాలే, మూడూ పోతే అడ్మిషన్ రద్దవుతుంది, అదే కోర్సు జర్మనీలో మరోచోట చదవడమూ కుదరదు. పాత ప్రశ్నపత్రాలు ఫాఖ్‌షాఫ్ట్ అనే విద్యార్థి సంఘం దగ్గరుంటాయి. ఆ గదిలో జర్మన్ విద్యార్థులు కాఫీ తాగుతూ కూర్చుంటారు, ప్రశ్నపత్రం అడగడానికి వెళ్లినవాళ్లు కాసేపు కూర్చుని మాట్లాడి రావచ్చు, ఎవరూ పొమ్మనరు.

ఆటల కోసం హోఖ్‌షూల్‌స్పోర్ట్ ఉంది. వాలీబాల్, బ్యాడ్మింటన్, గోడలెక్కే క్లైంబింగ్ లాంటివి సెమిస్టర్‌కి కొద్దిపాటి ఫీజుతో నేర్పుతారు. రిజిస్ట్రేషన్ ఒక తేదీన, ఒక గంటకి తెరుచుకుంటుంది, గిరాకీ ఉన్నవి నిమిషాల్లో నిండిపోతాయి, తత్కాల్ టికెట్ బుక్ చేసిన అనుభవం పనికొస్తుంది. మనకి బొత్తిగా రాని ఆట ఎంచుకోండి. వచ్చిన ఆటలో మనవాళ్లే ఉంటారు, కొత్త ఆటలో అందరూ కొత్తవాళ్లే. క్రికెట్‌కి వెళ్తే మాత్రం ఇంకో రకం వైవిధ్యం: ఇక్కడి క్లబ్బుల్లో అఫ్ఘాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కుర్రాళ్లు ఎక్కువ, ఇంటి దగ్గర ఉండి వీళ్లతో ఆడే అవకాశం మీకు ఎప్పటికీ రాదు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో బడ్డీ ప్రోగ్రామ్ (కొత్తవాళ్లకి తోడుగా ఒక పాత విద్యార్థిని జతచేసే పద్ధతి) ఉంటే దిగాక కాదు, ఆగస్టులోనే పేరు ఇవ్వండి.

భాష లేకుండా ఇవన్నీ సగమే పనిచేస్తాయి. క్లాసు ఇంగ్లీష్‌లో నడుస్తుంది, కానీ కిచెన్‌లో జోకులు, హాస్టల్ నోటీసులు, డాక్టర్ రిసెప్షన్, ఫాఖ్‌షాఫ్ట్ కబుర్లు అన్నీ జర్మన్‌లో. ఫ్లైట్ ఎక్కేలోపు ఏ2, మొదటి ఏడాదిలో బీ1 లక్ష్యంగా పెట్టుకోండి. యూనివర్సిటీ భాషా కేంద్రంలో కోర్సులు ఉచితం లేదా చవక, కాకపోతే సీట్లు తక్కువ, ముందు మీ భాష స్థాయి తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటుంది. టాండెం అని ఇంకో పద్ధతి ఉంది: మీ భాష నేర్చుకోవాలనుకునే జర్మన్‌తో వారానికి రెండు గంటలు, గంట మీ భాష, గంట వాళ్ల భాష. తెలుగుకి మనిషి దొరక్కపోవచ్చు, ఇంగ్లీష్ ఇచ్చి జర్మన్ తీసుకోండి. మీరు తడబడగానే అవతలివాళ్లు ఇంగ్లీష్‌లోకి మారిపోతారు, "జర్మన్‌లోనే మాట్లాడదాం, నేర్చుకుంటున్నాను" అని ఆ ఒక్క వాక్యం ముందు కంఠతా పెట్టండి. విద్యార్థులంతా ఒకరినొకరు "డు" (నువ్వు) అనుకుంటారు, ప్రొఫెసర్‌కి, ఆఫీసుల్లో "జీ" (మీరు).

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. జీతం ఎంత, పెళ్లెప్పుడు, ఏ మతం, ఇవి కొత్త పరిచయంలో వద్దు. బెర్లిన్‌లో పుట్టిన టర్కీ సంతతి అమ్మాయిని "అసలు ఏ దేశం" అని తిప్పి తిప్పి అడగొద్దు. హిట్లర్ మీద మనదేశంలో చలామణీ అయ్యే పొగడ్తలు, "క్రమశిక్షణ" కబుర్లు ఇక్కడ నోటి నుంచి రాకూడదు. జోక్‌గా చెయ్యెత్తి సెల్యూట్ చేసినా పోలీసు కేసు. దీనితో ముడిపడ్డదే స్వస్తిక్. పూజ గదిలో పెట్టుకునేది నేరం కాదు గానీ, గది తలుపు మీద పసుపు కుంకుమలతో గీస్తే, దీపావళి ముగ్గులో వేస్తే, దారినపోయేవాళ్లకి అది నాజీ గుర్తే. మీ సంజాయిషీ కన్నా ముందు పోలీసులు వస్తారు. ఓం గానీ, పద్మం గానీ వేసుకోండి. ఇంకో మాట, వైవిధ్యం అంటే తెల్లవాళ్లతో స్నేహం ఒక్కటే కాదు. ఇంటిపేరు అడిగి, ఊరడిగి, కులం లెక్క తేల్చే అలవాటు కొందరు మనవాళ్లు అక్కడికీ మోసుకొస్తారు, దాన్నిబట్టి రూమ్మేట్లని ఎంచుకునే గ్రూపులూ ఉన్నాయి. అలాంటి ఆరాలకి జవాబివ్వాల్సిన పని మీకు లేదు.

రంగు చూసి అంటారా అని అడిగారు. క్యాంపస్ లోపల అరుదు, బయట ఉంది. ఎక్కువగా తగిలేది ఇంటి వేటలో: పేరు చూడగానే "గది ఇచ్చేశాం" అంటారు, పావుగంట తర్వాత జర్మన్ స్నేహితుడు ఫోన్ చేస్తే ఖాళీ ఉంటుంది. రాజకీయ వాతావరణమూ బిగుసుకుంది, 2024 సెప్టెంబర్‌లో పక్క రాష్ట్రం తురింగియా ఎన్నికల్లో వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. అదే ఏడాది డిసెంబర్ 20న మాగ్డెబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లోకి ఒకడు కారు నడిపి జనాన్ని చంపాడు, గాయపడ్డవాళ్లలో మనదేశంవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఊళ్లో విదేశీయుల్ని దూషించిన ఘటనలు పెరిగాయి. ఇంట్లో దాపరికం వద్దు, కానీ రోజూ భయపడి బతకాల్సిన ఊరూ కాదు. రాత్రి పొద్దుపోయాక, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున తాగి అరుస్తున్న గుంపు ట్రామ్‌లో ఉంటే ఆ పెట్టె ఎక్కకండి, ముందు వైపు డ్రైవర్ దగ్గర నిలబడండి. ఎవరైనా అంటే వాదనకి దిగకండి, వీలైతే దిగిపోండి. టైమ్, ట్రామ్ నంబర్, స్టాప్ పేరు ఫోన్‌లో రాసుకోండి. ప్రమాదం అనిపిస్తే పోలీస్ 110, అంబులెన్స్, ఫైర్ 112. యూనివర్సిటీలో వివక్ష ఫిర్యాదులు చూసే విభాగం ఉంటుంది, ఇంటి వేటలో జరిగినదానికి 2006 నాటి సమానత్వ చట్టం వర్తిస్తుంది. ఇక్కడ కూడా జర్మన్ స్నేహితుడు పక్కనుంటే సగం పని అయినట్టే.

పని విషయం. మీకు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసే హక్కుంది. యూనివర్సిటీలోనే చేసే హీవీ పని, అంటే స్టూడెంట్ అసిస్టెంట్, ఈ లెక్కలోకి రాదు. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు తేలిగ్గా దొరుకుతుంది, చుట్టూ మనవాళ్లే ఉంటారు, తెల్లారి క్లాసు పోతుంది. హీవీకి ప్రకటన కోసం ఎదురుచూడొద్దు. ఏ సబ్జెక్టులో మంచి గ్రేడ్ వచ్చిందో ఆ విభాగం రీసెర్చర్‌కి ఐదు లైన్ల మెయిల్, దానితో మార్కుల పేజీ పంపండి. ఒక సెమిస్టర్ గడిచాకే ఇది కుదురుతుంది, కాబట్టి మొదటి ఆరు నెలలు బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలనెలా వచ్చే 992 యూరోలతో నడిచేలా లెక్క వేసుకోండి.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలామందికి నిద్ర, ఆకలి, చదువు మీద ధ్యాస అన్నీ తప్పుతాయి. రెండు వారాలు అలాగే ఉంటే స్టూడెంటెన్‌వెర్క్ కౌన్సెలర్‌కి మెయిల్ చెయ్యండి, ఉచితం, చాలా చోట్ల ఇంగ్లీష్‌లో మాట్లాడతారు, ఇంటికీ, వీసా ఆఫీసుకీ తెలియదు. అలాంటప్పుడు సంక్రాంతికో, ఉగాదికో తెలుగు సంఘం పిలిస్తే తప్పక వెళ్లండి. వారాంతం మనవాళ్లతో, వారం మధ్యలో కిచెన్‌వాళ్లతో అన్నది చాలామందికి నప్పే పద్ధతి.

ఆఖరుగా, వీసా ఆలస్యమై నవంబర్‌లో దిగాల్సి వస్తే ఏం చెయ్యాలి? ముందు కోర్సు కోఆర్డినేటర్‌కి రాసి ఆలస్యంగా చేరడానికి గడువు ఎప్పటిదాకా అని మెయిల్‌లోనే జవాబు తీసుకోండి, నోటిమాట చెల్లదు. హాస్టల్ కాంట్రాక్టు అక్టోబర్ నుంచే మొదలైతే అద్దె కడుతూ గది నిలబెట్టుకోండి, వదిలితే మళ్లీ వరుస చివరికి. ల్యాబ్ గ్రూపుల లిస్ట్ ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో చూసి, ఖాళీ ఉన్న గ్రూపుకి "నవంబర్ ఫలానా తేదీకి వస్తాను, ఈలోపు రిపోర్ట్ రాసే భాగం నాకివ్వండి" అని రాయండి. హోఖ్‌షూల్‌స్పోర్ట్‌లో అప్పటికి సీట్లుండవు గానీ మూడో, నాలుగో వారానికి సగంమంది మానేస్తారు, ట్రైనర్‌ని నేరుగా అడిగితే చేర్చుకునే అవకాశం ఎక్కువ.